కాకి ముప్పాతిక అయిన కథ

మామయ్య జాబులు

చిరంజీవులారా!

ఈ నెల నాకు వచ్చిన జాబులలో ఒకటి మిగతావాటినన్నిటినీ తోసుకుని ముందుకు వచ్చి కూర్చున్నది. రాసినది ఎనిమిదవ తరగతి చదివే ఒక అమ్మాయి. ఆమె పేరు ఇక్కడ వెయ్యటం లేదు. ఎందుకంటే, జాబులో తమ్ముడిమీద పెద్ద ఫిర్యాదు ఉన్నది. ఆ తమ్ముడు కూడా ఈ పత్రిక చదువుతాడట!

ఆ జాబు ఇదీ:

"మామయ్యగారికి నమస్కారాలు. వేసవి సెలవుల్లో మా నాయనమ్మ సామెతలు చెబుతూ ఉంటే నేను కంప్యూటరులో టైపు చేశాను. మొత్తం 340 వచ్చాయి. బడిలో మాకు పైథాన్ నేర్పుతున్నారు. అందుచేత సామెతలను మొదటి అక్షరాన్ని బట్టి విడదీసి, ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క ఫైలు తయారుచేసే చిన్న స్క్రిప్టు రాశాను. మొదటిసారి అది నడవనే లేదు. '24వ చోట ఉన్న 8డి అనే బైటును చదవలేను' అని ఇంగ్లీషులో చెప్పి ఆగిపోయింది. మా మాష్టారు ఒక మాట చేర్పించారు, అప్పుడు నడిచింది. కాని 'క' ఫైలును స్ప్రెడ్‌షీటులో తెరిచి చూస్తే అందులో ఒక్క తెలుగు అక్షరం లేదు! 'కాకి పిల్ల కాకికి ముద్దు' అని ఉండవలసిన చోట, తలమీద వాలుగీత ఉన్న ఇంగ్లీషు 'ఏ', దాని పక్కన చిన్న సున్న, తరువాత నల్లని చుక్క. మళ్ళీ అదే 'ఏ', అదే సున్న, తరువాత ముప్పాతిక గుర్తు - ఇలా ఉన్నది.

"మా తమ్ముడు కూడా నాయనమ్మ దగ్గర కూర్చుని, నేను రాయని సామెతలు 11 వేరే ఫైలులో టైపు చేశాడు. దాచేటప్పుడు ఏదో హెచ్చరిక వస్తే, చదవకుండా 'సరే' నొక్కేశాడట. ఇప్పుడు ఆ ఫైలు నిండా ప్రశ్నార్థకాలే! మామయ్యా, సెలవులు అయిపోయాక నాయనమ్మకు పక్షవాతం వచ్చింది. మాట తడబడుతున్నది. మళ్ళీ చెప్పమని ఎలా అడగను? నాయనమ్మ సామెతలన్నీ పోయినట్టేనా?"

అమ్మాయీ, ముందు కళ్ళు తుడుచుకో. నీ 340 సామెతలకూ ఏమీ కాలేదు. తమ్ముడి 11 సామెతల సంగతి చివర చెబుతాను. అది వేరే జబ్బు.

తెలుగు రావలసిన చోట పిచ్చి గుర్తులు రాగానే చాలామంది, "అక్షరాలు పాడైపోయినాయి," అంటారు. కాని అందులో రెండు రకాలున్నాయి. ఒకటి పగటివేషం వంటిది. వేషం ఎంత వింతగా ఉన్నా లోపల మనిషి క్షేమంగానే ఉంటాడు. రంగు కడిగితే బయటపడతాడు. రెండవదానిలో, వేషం తీసి చూస్తే లోపల మనిషే ఉండడు. ఏది ఏదో గుర్తుపట్టటం తెలిస్తే సగం వైద్యం అయిపోయినట్టే.

హాజరు పట్టీ

మీ బడిలో ఆరవ తరగతి 'ఎ' సెక్షను, 'బి' సెక్షను ఉన్నాయనుకుందాం. 'ఎ' సెక్షను మాష్టారు ఒక చీటీమీద "15, 7, 22" అని రాసి, "వీళ్ళను నా దగ్గరికి పంపండి," అని చెప్పి పంపారు. చీటీ పొరపాటున 'బి' సెక్షనుకు వెళ్ళింది. అక్కడి మాష్టారు తన హాజరు పట్టీ తీసి, 15వ నంబరును, 7వ నంబరును, 22వ నంబరును పిలిచి పంపారు. ముగ్గురు పిల్లలు వెళ్ళారు. కాని కావలసిన ముగ్గురు కారు!

ఇందులో తప్పు ఎక్కడున్నది? చీటీలో లేదు. పిల్లలలోనూ లేదు. చీటీ రాసినవారు ఒక పట్టీ చూసి రాశారు, చదివినవారు మరొక పట్టీ చూసి చదివారు. అంతే.

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు. దానికి తెలిసినవల్లా అంకెలు. నీవు 'క' అని టైపు చేసినప్పుడు, అది ఒక పట్టీ చూసి, 'క'కు ఎదురుగా ఉన్న అంకెలను దాచుకుంటుంది. తరువాత ఫైలు తెరిచినప్పుడు ఆ అంకెలను పట్టీలో వెతికి, వాటికి ఎదురుగా ఉన్న బొమ్మను తెరమీద చూపిస్తుంది. దాచినప్పుడు ఒక పట్టీ, తెరిచినప్పుడు మరొక పట్టీ వాడితే ఏమవుతుంది? 'ఎ' సెక్షను పిల్లలకు బదులు 'బి' సెక్షను పిల్లలు వస్తారు! జపాను వారికి కూడా ఈ బాధ చాలా ఎక్కువగా ఉండేది. వారు దీనికి 'మొజిబాకె' అని పేరు పెట్టారు. అక్షరాలు రూపు మారిపోవటం అని దాని అర్థం.

ఇన్ని పట్టీలు ఎందుకు వచ్చాయి?

1963లో అమెరికావారు 'ఆస్కీ' అనే పట్టీ తయారుచేశారు. అందులో 128 గదులే ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాలకు, అంకెలకు, కామాలకు, చుక్కలకు అవి చాలు. ఇంగ్లీషు పెద్ద 'ఏ'కు అందులో 65వ నంబరు.

కంప్యూటరు దాచే ఒక్కొక్క అంకె గదిని 'బైటు' అంటారు. ఒక బైటులో 0 నుంచి 255 వరకూ ఏ అంకె అయినా పడుతుంది. ఆస్కీ 127తో ఆగిపోయింది గనక, 128 నుంచి 255 వరకూ ఉన్న గదులు ఖాళీగా మిగిలాయి. ఖాళీ ఇల్లు కనబడితే అద్దెకు రానివారెవరు? పశ్చిమ యూరపువారు వాటిలో తమ వాలుగీతల అక్షరాలు పెట్టుకున్నారు. రష్యావారు తమ అక్షరాలు పెట్టుకున్నారు. మన దేశంలో 1991లో భారతీయ లిపులకోసం 'ఇస్కీ' అనే పట్టీ ప్రకటించారు. ఇవి చాలవన్నట్టు, 1990ల దశకంలో తెలుగు ఫాంటులు చేసినవారు ఎవరి పట్టీ వారు పెట్టుకున్నారు. ఒకరి ఫాంటుతో కూర్చిన పుస్తకం ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అంతా అయోమయమే!

ఈ గొడవ పోగొట్టటానికి, ప్రపంచంలోని లిపులన్నిటికీ కలిపి ఒకే ఒక పెద్ద పట్టీ ఉండాలని సంకల్పించారు. దాని పేరు యూనికోడ్. దాని మొదటి కూర్పు 1991లో వెలువడింది. మన తెలుగుకు అందులోనే చోటు దొరికింది. 3072 నుంచి 3199 వరకూ ఉన్న 128 గదులు తెలుగువి. అందులో 'అ' నంబరు 3077. 'క' నంబరు 3093.

బల్లమీది కాగితం

ఇక్కడ మీలో తెలివిగలవాళ్ళు ఒక ప్రశ్న వెయ్యాలి: "మామయ్యా, బైటులో 255కు మించి పట్టదన్నావే! మరి 3093 ఎలా పడుతుంది?"

సరిగా ఈ ప్రశ్నకే 1992లో ఒక చక్కని జవాబు దొరికింది. అమెరికాలోని న్యూజెర్సీలో ఒక ఫలహారశాలలో, కెన్ థాంప్సన్ అనే ఆయన తన మిత్రుడు రాబ్ పైక్ ఎదుట, బల్లమీద పళ్ళెం కింద పరిచే కాగితంమీదనే ఆ పద్ధతిని రాశాడట! దాని పేరు యూటీఎఫ్-8. దానిలోని కిటుకు భాగహారం తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది. పలకా బలపం తీసుకోండి.

'క' నంబరు 3093. దానిని 64 చేత భాగించండి. భాగఫలం 48, శేషం 21. ఈ రెంటికీ 128 చొప్పున కలపండి: 176, 149. వీటి ముందు 224 పెట్టండి. 224, 176, 149. ఇదే 'క'! మూడు బైటులూ ఒకదాని వెనక ఒకటి, మూడు పెట్టెల రైలుబండిలాగా నడుస్తాయి. ముందున్న 224 ఇంజను. "నా వెనక ఇంకా రెండు పెట్టెలున్నాయి సుమా!" అని అది చెబుతుంది.

మరి ఇంగ్లీషు అక్షరాలో? అవి 128 కంటె చిన్న అంకెలు గనక, ఒక్కొక్కటీ ఒక్కొక్క బైటులో, ఆస్కీలో ఉన్నట్టే ఉంటాయి. మాటకూ మాటకూ మధ్య ఉండే ఖాళీ కూడా అంతే. దాని నంబరు 32.

'మ' నంబరు 3118. దానికి ఏ మూడు అంకెలు వస్తాయో మీరే కట్టి చూడండి. 224, 176, 174 వస్తే మీ లెక్క సరి.

కాకి ఎగిరిపోలేదు

ఇప్పుడు అమ్మాయి జాబును విప్పుదాం. 'కాకి' అనే మాటలో కంప్యూటరు లెక్కన నాలుగు ముక్కలున్నాయి: 'క', దీర్ఘం, 'క', గుడి. యూటీఎఫ్-8లో అవి ఇలా ఉంటాయి:

224, 176, 149 - 224, 176, 190 - 224, 176, 149 - 224, 176, 191.

అమ్మాయి స్ప్రెడ్‌షీటు ఈ అంకెలను యూటీఎఫ్-8 అనుకోలేదు. విండోస్ కంప్యూటర్లలో పశ్చిమ యూరపు భాషలకోసం ఉన్న 1252 అనే పట్టీ తీసి చదివింది. ఆ పట్టీలో 224 అంటే వాలుగీత ఉన్న 'ఏ'. 176 అంటే వేడిమి డిగ్రీలకు పెట్టే చిన్న సున్న. 149 అంటే నల్లచుక్క. 190 అంటే ముప్పాతిక, ¾. 191 అంటే తలకిందులుగా నిలబడిన ప్రశ్నార్థకం. పాపం, మన కాకి దీర్ఘం ముప్పాతిక అయి కూర్చున్నది, గుడి శీర్షాసనం వేసింది!

కాని అంకెలు చూడండి. ఒక్కటైనా మారిందా? లేదు. చీటీ అదే, చదివిన పట్టీ వేరు. కాకి ఎక్కడికీ ఎగిరిపోలేదు.

దీనినుంచి మీకొక గుర్తు చెబుతాను, జ్ఞాపకం పెట్టుకోండి. తెలుగు అక్షరాలన్నీ 3072కూ 3199కీ మధ్య ఉన్నాయి గనక, ఏ తెలుగు అక్షరాన్ని 64 చేత భాగించినా భాగఫలం 48 గాని 49 గాని అవుతుంది. అంటే రెండవ బైటు 176 గాని 177 గాని. 1252 పట్టీలో 176 చిన్న సున్న, 177 కూడికా తీసివేతా కలిసిన గుర్తు (±). కాబట్టి తెరమీద వాలుగీత 'ఏ', దాని పక్కన సున్న గాని, ± గాని, మాటిమాటికీ కనిపిస్తూ ఉంటే, "ఇది వేషం వేసుకున్న తెలుగు," అని వెంటనే చెప్పవచ్చు.

24వ చోట ఏమున్నది?

ఇక స్క్రిప్టు మొదటిరోజున ఎందుకు ఆగిపోయిందో చూద్దాం. అమ్మాయి ఫైలులో మొట్టమొదటి సామెత ఈ కాకి సామెతే. 'కాకి'కి 12 బైటులు. తరువాత ఖాళీకి ఒకటి. తరువాత 'పిల్ల'లో 'ప', గుడి, 'ల' - మూడుమూళ్ళు తొమ్మిది. మొత్తం 22. ఆ తరువాత 'ల' కింద ఒత్తును తగిలించే పొల్లు గుర్తు వస్తుంది. దాని నంబరు 3149. బైటులు 224, 177, 141. పైథాన్ సున్న నుంచి లెక్కపెడుతుంది గనక ఈ మూడూ 22, 23, 24 చోట్ల ఉంటాయి. 24వ చోట 141! కంప్యూటరువారు పదహార్ల లెక్కలో దానిని 8డి అని రాస్తారు. ఎనిమిది పదహార్లు 128, 'డి' అంటే 13, కలిపితే 141.

పైథాన్ దానిమీదనే ఎందుకు అలిగింది? 1252 పట్టీలో 129, 141, 143, 144, 157 అనే అయిదు గదులు ఖాళీ. 141వ నంబరును పిలిస్తే పలికేవారు లేరు. అందుకని పైథాన్, "ఇది నాకు తెలియదు," అని నిజాయితీగా ఆగిపోయింది. తెలుగులో ఉకారపు కొమ్ముకు 129 వస్తుంది, ఒత్తుకు 141 వస్తుంది. ఈ రెండూ లేకుండా తెలుగు నాలుగు మాటలు రాయటం కష్టం. అందుచేత తెలుగు ఫైలును ఆ పట్టీతో చదివిస్తే పైథాన్ తప్పక ఎక్కడో ఒకచోట ఆగుతుంది.

అసలు పైథాన్ ఆ పట్టీ ఎందుకు తీసుకున్నది? అమ్మాయి ఏ పట్టీ వాడాలో చెప్పలేదు గనక. ఏ పట్టీయో చెప్పకపోతే, పైథాన్ 3లో 3.14 వరకూ ఉన్న కూర్పులు మామూలుగా ఆ కంప్యూటరు అలవాటును అనుసరిస్తాయి. ఒక్కొక్క యంత్రానికి ఒక్కొక్క అలవాటు! అందుకే ఒకే స్క్రిప్టు ఒక ఇంట్లో చక్కగా నడిచి, పక్కింట్లో మొరాయిస్తుంది. మాష్టారు చేర్పించిన మాట ఇదే: ఫైలు తెరిచే 'ఓపెన్' అనే ఆజ్ఞలో, 'ఎన్‌కోడింగ్' యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాయాలి. చదివేటప్పుడూ రాయాలి, కొత్త ఫైలు రాసేటప్పుడూ రాయాలి.

ఇటువంటప్పుడు కొందరు మరొక సలహా ఇస్తారు. "తప్పులను పట్టించుకోకు," అని పైథాన్‌కు చెప్పే మాట ఒకటున్నది. అది రాస్తే స్క్రిప్టు ఆగదు. కాని అర్థం కాని బైటులను మాట్లాడకుండా పారేస్తూ పోతుంది. కాలిలో ముల్లు గుచ్చుకుని పిల్లవాడు ఏడుస్తూంటే ముల్లు తీస్తామా, నోరు మూస్తామా?

తపాలావారి తెలివి

వేషంలో ఉన్నది పోలేదనటానికి ఒక నిజమైన సంగతి చెబుతాను. రష్యాలో ఉన్న ఒక విద్యార్థిని ఫ్రాన్సులోని తన స్నేహితుడికి ఈ-మెయిలులో తన చిరునామా పంపింది. ఆమె రష్యావారి పట్టీతో రాసింది. అతని కంప్యూటరు పశ్చిమ యూరపు పట్టీతో చదివింది. తెరమీద వాలుగీతల అక్షరాలూ, రెండేసి చుక్కల అక్షరాలూ వచ్చాయి. అతనికి రష్యను రాదు. రష్యను అలాగే ఉంటుందనుకున్నాడో ఏమో, కనిపించినదంతా ఓపికగా కవరుమీద దించి తపాలాలో వేశాడు!

ఆ కవరు రష్యా చేరింది. అక్కడి తపాలా ఉద్యోగులు దానిని చూసి, ఏ పట్టీకి బదులు ఏ పట్టీ పడిందో గ్రహించారు. ఒక్కొక్క పిచ్చి గుర్తు పక్కనా అసలు అక్షరం వేసుకుంటూ పోయారు. కవరు చేరవలసిన చోటికి చేరింది. వేషం ఎంత వింతగా ఉన్నా, ఒక్కొక్క గుర్తుకూ ఒకే ఒక అక్షరం వెనక ఉన్నది గనకనే ఇది సాధ్యమయింది.

వైద్యం

అమ్మాయీ, ఇప్పుడు నీవు చేయవలసింది వరసగా చెబుతాను.

మొదటిది: పిచ్చి గుర్తులు కనిపిస్తున్న కిటికీలో 'సేవ్' మీట నొక్కకు. మూసెయ్యి. ఆ వేషాన్నే నిజమనుకుని కంప్యూటరు దానిని మళ్ళీ యూటీఎఫ్-8లో దాచిందంటే, 'క' తాలూకు మూడు బైటులు ఏడవుతాయి. వేషంమీద వేషం! అప్పుడు ఒక్కొక్క పొరా వెనక నుంచి విప్పుకుంటూ రావాలి.

రెండవది: ఏ మందు వేసేముందయినా అసలు ఫైలుకు నకలు తీసి వేరేచోట పెట్టు.

మూడవది: తెరను నమ్మకు, అంకెలను చూడు. పైథాన్‌లో ఫైలును అక్షరాలుగా గాక వట్టి బైటులుగా తెరవవచ్చు. దానిని 'ఆర్‌బి' పద్ధతి అంటారు. అలా తెరిచి మొదటి 12 బైటులను అంకెలుగా అచ్చు వేయించు. 224, 176, 149 అని వచ్చాయా, నీ కాకి క్షేమం.

నాలుగవది: స్ప్రెడ్‌షీటుకోసం రాసే ఫైలుకు 'యూటీఎఫ్-8' బదులు 'యూటీఎఫ్-8-సిగ్' అని రాయి. అప్పుడు పైథాన్ ఫైలు మొదట్లో 239, 187, 191 అనే మూడు బైటులు పెడుతుంది. ఇవి ఇంటి గుమ్మంమీద పేరు పలక వంటివి. వాటిని చూసి స్ప్రెడ్‌షీటు, "ఓహో, ఇది యూటీఎఫ్-8 ఇల్లు!" అని సరైన పట్టీ తీసుకుంటుంది.

మిగతా పిల్లలకు మరి రెండు గుర్తులు. అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తే, పట్టీ సరిగానే ఉన్నది, ఆ కంప్యూటరులో తెలుగు ఫాంటు లేదని తెలుసుకోండి. ఫాంటు పెడితే సరిపోతుంది. నల్లని వజ్రం ఆకారంలో ప్రశ్నార్థకం కనిపిస్తే, యూటీఎఫ్-8 నియమానికి లొంగని బైటులు తగిలాయన్నమాట. స్క్రిప్టు మాటను 10 బైటుల దగ్గర కోసిందనుకోండి. మూడు రైళ్ళు నిండుగా వెళ్ళి, నాలుగవ రైలుకు ఇంజను మాత్రం మిగులుతుంది. అందుకే తెలుగును బైటుల లెక్కన కోయరాదు.

తమ్ముడి ప్రశ్నార్థకాలు

ఇక కష్టమైన మాటకు వచ్చాం. అమ్మాయీ, నీకు అబద్ధం చెప్పను. తమ్ముడి ఫైలులోని అక్షరాలు పోయినాయి.

వాడు తెలుగును టైపు చేసి, తెలుగు లేని పట్టీతో దాచాడు. ఆ పట్టీలో 'అ' లేదు, 'త' లేదు, ఏదీ లేదు. "దాచితే ఈ అక్షరాలు పోతాయి," అని కంప్యూటరు హెచ్చరించింది. వాడు 'సరే' అన్నాడు. అప్పుడు కంప్యూటరు ప్రతి తెలుగు అక్షరానికీ బదులు ప్రశ్నార్థకం పెట్టింది. ప్రశ్నార్థకం నంబరు 63. 'అ'కూ 63, 'త'కూ 63. మాష్టారు చీటీమీద అసలు నంబర్లు కొట్టేసి అన్నిచోట్లా "ఎవరో" అని రాసినట్టయింది. ఏ పట్టీ తెచ్చినా ఆ చీటీ ఇక పలకదు. తమ్ముడిని తిట్టకు. హెచ్చరిక చదవకుండా 'సరే' నొక్కని పెద్దవాళ్ళు ఎందరున్నారు గనక!

అయినా ఒక చిన్న దారి ఉన్నది. ప్రతి గుర్తుకూ ఒక ప్రశ్నార్థకం చొప్పున వచ్చింది. ఖాళీలు మాత్రం ఖాళీలుగానే మిగిలాయి. అంటే అక్షరాలు పోయినా వాటి కొలతలు మిగిలాయి. నీవు పంపిన మొదటి వరస ఇది:

???? ??? ???? ????? ??? ?????????

తమ్ముడికి ఇందులో 'అత్త' ఉన్నట్టు లీలగా జ్ఞాపకమట. చూద్దాం. 'అత్త': అ, త, పొల్లు, త - నాలుగు. 'మీద': మ, గుడిదీర్ఘం, ద - మూడు. 'కోపం': నాలుగు. 'దుత్త': అయిదు. 'మీద': మూడు. చివరి మాట తొమ్మిది. "అత్త మీద కోపం దుత్త మీద చూపినట్లు." కుంచంలో పోసి కొలిచినట్టు సరిపోయింది!

అయితే ఇది చదవటం కాదు. మనం ఊహించిన సామెత కొలతకు సరిపోయిందో లేదో చూసుకోవటం మాత్రమే. నాయనమ్మ 'చూపినట్లు' అన్నదా, 'చూపినట్టు' అన్నదా? రెంటికీ తొమ్మిదే! ఆ సంగతి ప్రశ్నార్థకాలు చెప్పలేవు. అది నాయనమ్మ నోటిమాట. అది ఆవిడ దగ్గరే ఉన్నది.

అందుకని మీరిద్దరూ ఇలా చేయండి. సాయంకాలంపూట నాయనమ్మ పక్కన కూర్చుని, 11 వరసలకూ మీకు తోచిన సామెతలు ఒక్కొక్కటే చదివి వినిపించండి. ఆవిడను మళ్ళీ చెప్పమని అడగవద్దు. మీరే చెప్పండి. సరిగా చెబితే తల ఊపుతుంది. తప్పు చెబితే ఆవిడ కళ్ళే చెబుతాయి. తడబడే మాటతోనైనా ఒక అక్షరం సరిదిద్దిందంటే, దానిని జాగ్రత్తగా రాసుకుని, యూటీఎఫ్-8లో దాచి, మరి రెండు నకళ్ళు తీసిపెట్టండి. ఒక నకలు కాగితంమీద ఉంటే మరీ మంచిది. కాగితానికి పట్టీ అక్కరలేదు.

మిగతా పిల్లలకు ఈ నెల చిక్కు ప్రశ్న. ఇది కూడా తమ్ముడి ఫైలులోదే:

??? ?????? ???? ??????

నాలుగు మాటల సామెత. ఇంటికీ ఊరికీ సంబంధించినది. ఒత్తు ఉన్నచోట పొల్లును కూడా లెక్కలో వేసుకోవాలని మరిచిపోకండి. జవాబు వచ్చే నెల.

మీ
మామయ్య